చాచీకి కట్టిన చెయ్యి

జనవరి 16, శుక్రవారం

మా బొమ్మల సినిమా ట్రైలర్ వచ్చేసింది. మెట్రోలో నిలబడే చూశాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ గుండెకు దగ్గరగా పట్టుకుని, పక్కనున్న అమ్మాయి ఎక్కడ తొంగి చూస్తుందోనని భయపడుతూ. స్పాంజి అంకుల్ ప్యాంటు జారింది. పెళ్ళికూతురు బొమ్మ పెళ్ళికొడుకు మీద కక్కుకుంది (అది షాంపూ నురగ, మా డైరెక్టర్ తరుణ్ ఐడియా). ఆ తర్వాత తెల్ల తెర, తెర మీద నా చాచీ, నోటిదురుసు పిన్ని. సినిమా మొత్తంలో ఒకే ఒక్క తోలుబొమ్మ. నా చేతులు, నా గొంతు.

“శరమ్? వో తో మాయికే మే ఛోడ్ ఆయీ!”

సిగ్గా, అది పుట్టింట్లోనే వదిలేసొచ్చా అని. అని ఊరుకోదుగా. వెనక్కి తిరిగి, పావడా ఎత్తి, పిర్ర మీద ఫెడీమని ఒక్క చరుపు.

నవ్వొచ్చింది నాకు. నిజంగానే నవ్వొచ్చింది. ఇంకోసారి చూద్దామని వెనక్కి జరిపాను.

అప్పుడు కనపడింది — ఆ చెయ్యి చాచీది కాదు.

జనవరి 17, శనివారం

ఆపి ఆపి చూశాను. పెద్దది చేసి చూశాను. అనుమానం లేదు.

అరచేతిలో తామరపువ్వు. రేకుల చుట్టూ సన్నటి చిల్లులు. వెనక దీపం ఉంటే పువ్వంతా వెలుగుతుంది. మా తాత ఉలితో కొట్టిన పువ్వు. మా ఇంట్లో అన్ని బొమ్మల్లోకీ ఒక్క బొమ్మకే ఉందది. సీతమ్మకు.

చాచీ పిర్ర మీద వెలుగుతోంది తామరపువ్వు.

ఎలా జరిగిందో ఇప్పుడు కూర్చుని గుర్తు చేసుకుంటున్నాను. డిసెంబర్ షూటింగ్. లైట్ల వేడికి చాచీ కుడి చెయ్యి ముడుచుకుపోయి, మణికట్టు దగ్గర చిరిగింది. తరుణ్ తెర అవతల నుంచి ఒకటే గోల — “దీదీ, దో మినట్! బస్, దో మినట్!” పేరుకు డైరెక్టరు, ఓపిక మాత్రం చంటిపిల్లాడికున్నంత. విడిచేతుల డబ్బాలో చెయ్యి పెట్టాను. ఆట మధ్యలో ఒక బొమ్మ చెయ్యి చిరిగితే ఇంకో బొమ్మది విప్పి కట్టేయడం మా ఇంట్లో పుట్టిన ప్రతివాళ్ళకూ అలవాటే. గాజులున్నాయి, ఆడచెయ్యి, చెలికత్తెది అయ్యుంటుంది అనుకున్నాను. ముడి వేశాను. తెర వెనక నిలబడ్డాను.

మరి సీతమ్మ చెయ్యి ఆ డబ్బాలోకి ఎలా వచ్చింది? నేనే వేశాను. కీలు వదులైందని, తీరిగ్గా బిగించమని మా మేనత్త కిందటేడు బొమ్మను నాకిచ్చింది. చెయ్యి విప్పానో లేదో గ్యాస్ సిలిండర్ వాడు బెల్లు కొట్టాడు. చేతిలో ఉన్నదాన్ని డబ్బాలో పడేసి తలుపు తీశాను. అంతే. మళ్ళీ దాన్ని తలచుకుంటే ఒట్టు. షూటింగ్‌కు పట్టుకెళ్ళింది ఆ డబ్బానే.

జనవరి 18, ఆదివారం

అన్నం సయించడం లేదు.

జనవరి 19, సోమవారం

మా వాళ్ళకు రెండు పెట్టెలు. దేవుళ్ళ పెట్టె, హాస్యగాళ్ళ పెట్టె. రామాయణం మధ్యలో జనం కునుకు తీస్తున్నారనిపిస్తే హాస్యగాళ్ళు దిగుతారు. మొగుడూ పెళ్ళాల బూతులు, అపానవాయువులు, అత్తల మీద సామెతలు. మా మేనత్త గొంతు విప్పిందంటే ఊళ్ళో మగాళ్ళు తలలు దించుకునేవాళ్ళు, ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. నా పక్కన కూర్చుని అవే మాటలు నాకు నేర్పింది. పెద్దయ్యాక నేను వాటినే హిందీలో పెట్టి చాచీకి ఇచ్చాను. తరుణ్ ఏమో “దీదీ, యే సబ్ ఆప్ లాతీ కహాఁ సే హో” అని ఆశ్చర్యపోతాడు. ఎక్కణ్ణించి తెస్తాను... మా ఇంట్లోంచే.

అలాంటి అత్త పెట్టెల దగ్గర మాత్రం అగ్గే. “నోటితో ఎంత బూతన్నా ఆడు. పెట్టెలు కలిపినావో, చెయ్యి ఇరుగ్గొడ్తా.” దేవుడి బొమ్మకు చెయ్యి చిరిగితే ఆ చెయ్యే అతికించుకోవాలి. ఇక పనికి రాదంటే కొత్తగుడ్డలో చుట్టి ఏట్లో వదలాలి. అంతేగానీ ఇంకోళ్ళకు తగిలించకూడదు. నేను తగిలించింది ఎవరికి? చాచీకి.

ప్రపంచంలో ఆ చేతిని గుర్తుపట్టేవాళ్ళు ఎంతమంది అని ఆలోచిస్తున్నాను. నాన్న పోయారు. తాత ఎప్పుడో పోయాడు. మిగిలింది అత్త ఒక్కతే. అత్త ఫోన్‌కు ఫోన్లు చేసుకోవడం తప్ప ఇంకేమీ రాదు. ఆమె ఉండేది అక్కడ మా ఊళ్ళో, నేనుండేది ఇక్కడ నోయిడాలో. ఎట్లా తెలుస్తుంది?

తెలియదు. తెలియదులే.

జనవరి 20, మంగళవారం

అత్త ఫోన్. ఫరీదాబాద్ చేతిపనుల మేళాకు వస్తోంది. నాలుగు రోజులకు తోలు లాంప్‌షేడ్ల స్టాల్ ఇచ్చారట. ఒక సాయంత్రం స్టేజీ మీద ఆట కూడా.

“సీతమ్మ నీ దగ్గరే ఉండాది గదమ్మే. ఆడికొచ్చి తీసుకుంటా. చెయ్యి బిగించినావా?”

“బిగించినా అత్తా.”

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. నా నోరేనా ఇది?

జనవరి 22, గురువారం

ఆఫీసు క్యాబ్‌లు ఇంకా తిరగని వేళకే బయలుదేరి స్టూడియోకు వెళ్ళాను. చాచీ చెయ్యి విప్పుకుని వచ్చేద్దామని. ఒక ముడి, చిటికెలో పని.

షట్టర్‌కు తాళం. తరుణ్‌కు ఫోన్ చేస్తే విషయం బయటపడింది. ఎవరో మా సినిమా మీద పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారట. అశ్లీలం అని. ఇంటిల్లిపాదీ చూసే ఫోన్లలో ఇలాంటి బొమ్మలా అని. లాయర్ అన్నీ ఎక్కడివక్కడ ఉంచి తాళం వేయించాడు.

“దీదీ, కుఛ్ భీ టచ్ నహీఁ కర్నా హై.” ఏదీ ముట్టుకోకూడదట.

“ముఝే బస్ ఏక్ హాథ్ చాహియే, తరుణ్. ఛోటా సా.”

నవ్వాడు. “హాథ్? యహాఁ సబ్‌కీ గర్దన్ ఫఁసీ హై, దీదీ!”

అందరి మెడలూ ఇరుక్కుని ఉన్నాయి, నువ్వు చెయ్యి కావాలంటావేంటి అని. వాడికి అన్నీ నవ్వులాటే. నేను షట్టర్ సందులోంచి లోపలికి చూశాను. ఏమీ కనపడలేదు. లోపల ఎక్కడో చీకట్లో చాచీ మేకుకు వేలాడుతూ ఉంటుంది, సీతమ్మ చేత్తో.

ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు ఆ చెయ్యి ఎవరిదో తెలిస్తే? ఇప్పుడు అశ్లీలం అంటున్నారు. అప్పుడు ఏమంటారు? ఆటో దొరికేదాకా ఫుట్‌పాత్ అంచున కూర్చుండిపోయాను.

జనవరి 24, శనివారం

లిఫ్టులో రెండో ఫ్లోర్ ఆంటీ. చేతిలో కొత్తిమీర కట్ట, రెండో చేతిలో ఫోన్. “దేఖా ఆప్‌నే? బొమ్మలతో ఎంత గందీ ఫిల్మ్ తీశారో! ఐసే లోగోం కో తో జేల్ మే డాల్నా చాహియే.” ఇలాంటి పాడు సినిమా తీసినవాళ్ళను జైల్లో వెయ్యాలట. సొసైటీ గ్రూపులో తిరుగుతోందట. ఫోన్ నా ముందు పెట్టింది. చాచీ నా గొంతుతో నా మొహం మీదే అరిచింది.

“జీ ఆంటీ, బిల్‌కుల్” అన్నాను. గొంతు మార్చి అన్నాను. నా మామూలు గొంతే చాచీ గొంతులా వినిపిస్తుందేమోనని దగ్గు నటించాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎలా ఉంటుందో నాకు ఇప్పుడు తెలిసింది.

“దవా లో, బేటా” అంది దిగిపోతూ. మందు వేసుకోవాలట, దగ్గుకు.

జనవరి 25, ఆదివారం

సురేష్‌కు చెబుదామా?

సగం చెప్పాను. ఫిర్యాదు సంగతి చెప్పాను, చెయ్యి సంగతి చెప్పలేదు. మా ఆయన వరంగల్ మనిషి, దేనికీ బెదరడు. “ఊకె భయపడ్తున్నవ్. సెన్సారోళ్ళకు, లాయర్లకు లేని బాధ నీకెందుకే? పేరు కూడా సరిగ్గ ఎయ్యరు వాళ్ళు, చివర్ల చీమలంత అక్షరాలు” అన్నాడు. పప్పు కలుపుకుంటూ ట్రైలర్ ఇంకోసారి పెట్టుకుని చాచీ దగ్గర పొలమారేలా నవ్వాడు. ఆ చెయ్యి ఆయన కళ్ళ ముందే వెలిగింది. ఆయనకు అదొక చెయ్యి, అంతే. ఆ క్షణాన ఆయన్ని చూసి అసూయ పడ్డాను.

షూటింగ్ రోజులు గుర్తొస్తున్నాయి. హనీమూన్ సీన్‌లో మంచం కింద ముగ్గురం పడుకుని, చేతులు పైకెత్తి, బొమ్మల కాళ్ళూ మొహాలూ ఆడిస్తూ. ఎవరి మోచెయ్యి ఎవరి పక్కటెముకల్లో ఉందో తెలియదు. పైన స్పాంజి పెళ్ళికొడుకు మూలుగుతుంటే ఎదురుగా కెమెరామన్ నవ్వాపుకోలేక పళ్ళతో టవలు కొరుక్కుంటున్నాడు. అంత సంతోషంగా నేను ఈ ఊళ్ళో ఇంకెప్పుడూ లేను. మనిషి అంటే కొడతారు, అదే మాట బొమ్మ అంటే నవ్వుతారు అనేది అత్త. ఇప్పుడు బొమ్మను కూడా కొడతారేమో.

జనవరి 27, మంగళవారం

నిర్ణయించుకున్నాను. కొత్త చెయ్యి చేస్తాను.

తోలు కావాలి. ఢిల్లీలో మా తోలు ఎక్కడ దొరుకుతుంది? హాల్లో లాంప్‌షేడ్ వైపు చూశాను. పెళ్ళికి అత్త ఇచ్చింది. నెమళ్ళు, తీగలు, మేకతోలు. కత్తెర తీసుకున్నాను. కాసేపు దాని ముందు నిలబడ్డాను. తర్వాత వెనకవైపు తోక దగ్గర కోశాను. కోసిన వైపు గోడకు తిప్పి పెట్టాను.

ఒక తప్పు మీద ఇంకో తప్పు. రంగు గీకుతుంటే చేతులు నావి కానట్టు అనిపించింది.

జనవరి 29, గురువారం

చెయ్యి అయింది. పువ్వు కూడా వచ్చింది. ట్రైలర్‌లో ఆపిన బొమ్మ చూసి గీశాను. సీతమ్మ చేతికి నకలు తీయడానికి చాచీ పిర్ర దగ్గర ఫోన్ ఆపి పెట్టుకున్నాను... రాస్తుంటేనే చెంపలు వేసుకోవాలనిపిస్తోంది. వేసుకున్నాను కూడా.

కిటికీ వెలుగులో పట్టి చూశాను. కంటికి తేడా లేదు. చేతికే తేడా. తాత కాలంలో దేవుళ్ళకు జింకతోలు. ఇప్పుడది తాకితే జైలు, అందుకే పాత బొమ్మలే ప్రాణంగా చూసుకుంటాం. జింకతోలు ఉల్లిపొరలా తేలిగ్గా ఉంటుంది. నాది మేకతోలు, మందం. అత్త పుట్టినప్పటి నుంచీ తోలుతో బతికిన మనిషి.

కట్టాను. సీతమ్మ మొహం వైపు చూడలేదు.

జనవరి 31, శనివారం

అత్త వచ్చింది. స్టేషన్లో రెండు పెట్టెలూ తనే దించుకుంది, కూలీని ముట్టుకోనివ్వలేదు. చలికి శాలువా మీద సురేష్ స్వెట్టర్, దాని మీద ఇంకో శాలువా. “ఏమ్మే, ఇంత సలిలో ఎట్ల బతుకుతుండారే మీరు? మూతి తెరిస్తే పొగ!” దారంతా నవ్వించింది. నేను నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను, దవడలు నొప్పి పుట్టేదాకా.

ఇంట్లోకి రాగానే లాంప్‌షేడ్ చూసింది.

“నెమలిని గోడకు తిప్పినావెందుకే?”

“ఎలుక కొరికింది అత్తా.”

“ఎనిమిదో అంతస్తుకు ఎలుకా?” అంది. అని ఊరుకుంది. అత్త ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

సీతమ్మను అడిగింది. ఇచ్చాను. ఒళ్ళో పడుకోబెట్టుకుని నుదుట కుంకుమ పెట్టింది. కీళ్ళు ఒక్కొక్కటే ఆడించి చూసింది. భుజం. మోచెయ్యి. కుడి మణికట్టు దగ్గర బొటనవేలు ఆగింది.

నేను కుంకుమ భరిణె మూత పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను.

“ముడి గట్టిగా వేసినావు” అంది.

అంతే. గుడ్డలో చుట్టి దేవుళ్ళ పెట్టెలో పెట్టుకుంది. తెలిసిందా? తెలియలేదా? మెచ్చుకుందా, దెప్పిందా? వంటింట్లోకి వెళ్ళి పాలు పొంగిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను.

ఫిబ్రవరి 2, సోమవారం

తరుణ్ మెసేజ్. శుక్రవారమే ఓటీటీలో రిలీజ్. ఫిర్యాదు ఇచ్చినవాళ్ళ పుణ్యాన ట్రైలర్ ఊరంతా చూసేశారట, లాయర్ కూడా పర్వాలేదన్నాడట, స్టూడియో తాళం మాత్రం ఇంకా తీయనివ్వడట. వెనక నవ్వే ఎమోజీలు వరసగా పెట్టాడు. నేను ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఫిబ్రవరి 4, బుధవారం

మేళాలో ఆట అయింది.

తెర వెనక అత్త పక్కన నేను, చిన్నప్పటిలాగే. అశోకవనం. సీతమ్మ అత్త చేతుల్లో. రావణుడు నా చేతుల్లో. ముందు జనం, పల్లీలు నములుతూ, ఫోన్లు పైకెత్తి పట్టుకుని. సీతమ్మ గడ్డిపోచ అడ్డం పెట్టి మాట్లాడుతోంది. ఆమె కుడి చెయ్యి ఎత్తిన ప్రతిసారీ పువ్వు వెలిగింది. బాగానే వెలిగింది. కానీ ఎత్తిన చెయ్యి కిందికి దిగేటప్పుడు కొంచెం ముందే వాలిపోతోంది. బరువుకు. అత్త ఆ చేతికి కట్టిన వెదురుబద్దను ఒక వేలు పైకి పట్టి సర్దుకుంటోంది. మళ్ళీ వాలుతోంది. మళ్ళీ సర్దుకుంటోంది. పాట తప్పలేదు, మాట తప్పలేదు. నా వైపు తిరగలేదు.

రావణుడి మాటలు నేను మరిచిపోయాను. అత్తే అందించింది.

క్యాబ్‌లో తిరిగొస్తుంటే అంది — “ఈ సీతమ్మకు శానా అలుపొచ్చిందిమ్మే.”

కళ్ళు మూసుకుని పడుకుంది. నిద్రపోయిందో లేదో.

చెప్పేయాలి. నోటి దాకా వస్తోంది. అత్త తిడితే పడతాను. కొట్టినా పడతాను. “ఇంక నువ్వు నా పెట్టెలు ముట్టుకోవద్దు” అంటే? నాకు మా ఇంటి నుంచి మిగిలింది ఆ రెండు పెట్టెలూ, వాటి వెనక నిలబడే చోటూ మాత్రమే. అది పోతే నేనెవరిని? నోయిడాలో ఒక ఫ్లాట్ నంబరుని.

ఫిబ్రవరి 5, గురువారం

సురేష్ కొంప ముంచాడు.

టిఫిన్ దగ్గర అత్తకు ఇడ్లీ వడ్డిస్తూ, “పెద్దమ్మా, రేపు ఈమె సినిమా వస్తున్నది, చూసి పోరాదు?” అన్నాడు. నేను అత్తకు ఎప్పుడో చెప్పిన మాట ఆయనకు తెలియదు. పిల్లల బొమ్మల సినిమా అని చెప్పుకున్నాను.

“పిల్లకాయల సినిమాకు నేనెందుకు నాయనా.”

“పిల్లలది ఎక్కడిది పెద్దమ్మా! పెద్దోళ్ళదే. పిల్లలు చూస్తే మనల్ని జైల్ల ఏస్తరు!”

అత్త తినడం ఆపింది. నా వైపు చూసింది. ఆ కళ్ళల్లో కోపం లేదు, మెరుపు. “పెద్దోళ్ళదా? మన హాస్యం లాంటిదా?”

“అంతకన్నా జాస్తి” అన్నాడు ఈయన.

“అట్లయితే సూడాల్సిందే. బండి ఎల్లుండికి మార్పియ్యి నాయనా.”

మార్చేశాడు. అక్కడికక్కడే, ఫోన్‌లో, ఇడ్లీ చల్లారకముందే. నేను చట్నీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తర్వాత — నెట్ పనిచేయడం లేదని చెబుదామా? తలనొప్పి? మెయిన్ ఆఫ్ చేసేస్తే? దొంగ ఆలోచనలు తప్ప ఇంకేమీ రావడం లేదు. ఒక్క మంచి ఆలోచన ఉంది, దానికి ధైర్యం లేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

వంటింట్లో రాస్తున్నాను. స్లాబ్ మీద పెట్టుకుని, నిలబడే. ఒక పక్క పకోడీల నూనె కాగుతోంది. సురేష్ సెలవు పెట్టాడు. హాల్లో సినిమా మొదలైంది. అత్త తలస్నానం చేసి, కొత్తచీర కట్టుకుని టీవీకి ఎదురుగా కింద కూర్చుంది. “నువ్వూ రామ్మే” అంది. పకోడీలు అన్నాను.

ఎందుకు రాస్తున్నానో తెలియదు. చేతులకు ఏదో ఒక పని కావాలి.

అంకుల్ ప్యాంటు జారింది. అత్త నవ్వు. గట్టిగా, తెర వెనక నవ్వే నవ్వు. కొంచెం ఊపిరి వచ్చింది.

చాచీ మొదటి సీన్. నా గొంతు హాల్లోంచి... అత్త “ఓయమ్మో!” అంటోంది. తన మాటలు తనకు తెలియకుండా పోతాయా? భాష రాకపోయినా తెలిసిపోయాయి. “ఇది నాదే! నాయనా, ఇది నేను చెప్పిందే, మా పాప ఎట్ల చెప్తాండాదో సూడు!” సురేష్ మోకాలి మీద చరుస్తున్నట్టుంది. ఆయన కుయ్యోమంటున్నాడు. అత్త గొంతులో ఎంత గర్వం. ఇంత గర్వంగా నా గురించి ఎవరితోనూ అనగా నేను వినలేదు. నాకు ఏడుపొస్తోంది.

హనీమూన్. ఇద్దరూ నవ్వుతున్నారు. అత్తకు దగ్గొచ్చింది, నీళ్ళు తాగుతోంది.

దీని తర్వాతే.

ఇప్పుడు వెళ్ళి టీవీ ముందు నిలబడి చెప్పేస్తే? “అత్తా, చూడొద్దు, నేను చెప్తాను” అని. నూనె పొగలు కక్కుతోంది.

“శరమ్?” అంది నా గొంతు.

అత్త నవ్వింది. ముందే నవ్వింది, ఏం వస్తుందో తెలుసు కాబట్టి.

“వో తో మాయికే మే ఛోడ్ ఆయీ!”

చరుపు.

సురేష్ ఒక్కడే నవ్వుతున్నాడు.

ఇప్పుడు ఆయన కూడా ఆపాడు. టీవీ ఆగింది. ఎవరో రిమోట్ నొక్కారు. అత్తకు రిమోట్ రాదు, ఆయన్ని ఆపమంది కాబోలు. ఏదో అడుగుతోంది, ఆయన తెలియదంటున్నాడు.

స్టవ్ కట్టేశాను.

“మే... పాపా.”

గొంతులో కోపముందో, ఏడుపుందో ఇక్కణ్ణించి తెలియడం లేదు.

“సీతమ్మను ఎత్తుకోని ఇట్ల రా.”

పెట్టె లోపలి గదిలో ఉంది. అక్కడికి వెళ్ళాలంటే హాల్లోంచే వెళ్ళాలి, ఆమె ముందు నుంచే.